కర్బన ఉత్ప్రేరకాల ఆమ్లత్వం: కొలత, వినియోగం

లోహాలు, ఎంజైముల ప్రమేయం లేకుండా చిన్న కర్బన అణువులతోనే రసాయన చర్యలను నడిపించే విధానం ఆధునిక కర్బన సంశ్లేషణలో మూడవ మార్గంగా స్థిరపడినది. కుడి, ఎడమ చేతుల వలె పరస్పర ప్రతిబింబాలైన రెండు రూపాలలో కోరిన దానినే అధికంగా తయారు చేయగలగడం దీని ప్రత్యేకత. 2000లో ఈ మార్గాన్ని వేర్వేరుగా చూపిన బెంజమిన్ లిస్ట్, డేవిడ్ మెక్‌మిలన్‌లకు 2021లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

ఈ ఉత్ప్రేరకాలలో ఒక ప్రధాన వర్గం ప్రోటాన్‌ను ఇచ్చి గాని, హైడ్రోజన్ బంధంతో పట్టి ఉంచి గాని పని చేస్తుంది. కనుక వీటి ఎంపికలో ఆమ్లత్వమే మొదటి ప్రశ్న. దీనిని పీకేఏ అనే సంఖ్యతో సూచిస్తారు. సంఖ్య 1 తగ్గితే ఆమ్లత్వం 10 రెట్లు పెరిగినట్లు. అయితే ఏ ద్రావణిలో కొలిచారో తెలుపని పీకేఏ వలన ప్రయోజనం లేదు. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లానికి నీటిలో 4.76 కాగా, డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో సుమారు 12.3. ప్రోటాన్ పోగా మిగిలిన ఋణ అయాన్‌ను నీరు హైడ్రోజన్ బంధాలతో స్థిరపరుస్తుంది; రెండవ ద్రావణికి ఆ శక్తి లేదు.

డైమిథైల్ సల్ఫాక్సైడ్ కొలమానాన్ని అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బోర్డ్‌వెల్ బృందం రూపొందించినది. పీకేఏ ముందే తెలిసిన రంగు సూచికతో కొత్త ఆమ్లాన్ని ప్రోటాన్ కోసం పోటీకి నిలిపి, రంగు తీవ్రతలోని మార్పును వర్ణపటమాపకంతో కొలవడం ఇందులోని కిటుకు. ఈ కొలమానంపై సాధారణ థయోయూరియా విలువ 21.1. నాలుగు ట్రైఫ్లోరోమిథైల్ సమూహాలను ధరించిన ష్రైనర్ థయోయూరియా విలువ 8.5 అని 2012లో వెల్లడైనది. అనగా ఆమ్లత్వం సుమారు 4 లక్షల కోట్ల రెట్లు అధికం. 2004లో జపాన్‌లో అకియామా, తెరాడా విడివిడిగా ప్రవేశపెట్టిన బినాల్ ఫాస్ఫారిక్ ఆమ్లాలు ఇంకా బలమైనవి. వీటి విలువలు సుమారు 2 నుంచి 4 వరకు ఉంటాయి. అంతకు మించిన ఆమ్లాలకు అసిటోనైట్రైల్ కొలమానం అనువైనది. ఎస్తోనియాలోని తార్తు విశ్వవిద్యాలయం ఇందులో విశేష కృషి చేసినది.

బలం పెరిగినంత మాత్రాన ఫలితం మెరుగుపడదు. చర్యలో క్షారగుణం గల అమీన్ ఉంటే బలమైన ఆమ్లం దానితో లవణంగా మారి నిలిచిపోవచ్చు.

సీసాలో ఉన్నది నిజంగా ఆమ్లమేనా అన్నది మరింత చిక్కు ప్రశ్న. సిలికా జెల్‌పై శుద్ధి చేసిన ఫాస్ఫారిక్ ఆమ్లం అందులోని కాల్షియం వంటి లోహాలను గ్రహించి లవణంగా మారుతుంది. ఆమ్లం చేసినదని భావించిన ఒక మానిష్ చర్యలో అసలు ఉత్ప్రేరకం కాల్షియం లవణమేనని 2010లో జపాన్‌కు చెందిన ఇషిహారా బృందం నిరూపించినది. శుద్ధి అనంతరం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే అసలు ఆమ్లం తిరిగి లభిస్తుంది.