సాములో ఊపిరి

కర్రసాము, గరిడీ, తాలింఖానా అనే మాటలు వినని పల్లె తెలుగునాట అరుదు. నూజివీడు మామిడి సీమలోని రెడ్డిగూడెంలో బడిపిల్లవాడు సైతం సాము అనగానే కండలు తిరిగిన వస్తాదునే తలచుకొంటాడు. మంచం పట్టిన పసివానికి సాము నేర్పుదామంటే పెద్దలు నవ్వుతారు, వైద్యుడు కోప్పడతాడు.

ఆ కోపం చాలా పాతది. సుశ్రుతసంహిత వ్యాయామాన్ని ఎంతో మెచ్చుకొన్నది. కాని బలంలో సగం మేరకే చేయవలెనని హద్దు గీసినది. రక్తపిత్తం, క్షయ, ఉబ్బసం, దగ్గు గలవారు, కృశించినవారు దాని జోలికి పోరాదన్నది. ఇది చాదస్తం కాదు. ల్యుకీమియా అనే రక్తపు క్యాన్సరులోను, దాని చికిత్సలోను రక్తం గడ్డకట్టుటకు తోడ్పడే ప్లేట్‌లెట్లు తగ్గిపోతవి. అప్పుడు చిన్న దెబ్బ కూడ ప్రమాదమే.

మరి దెబ్బను తీసివేస్తే సాములో మిగిలేదేమిటి?

ఈ ప్రశ్నకు మొదటి జవాబు స్వీడన్‌లో దొరుకుతుంది. పెర్ హెన్రిక్ లింగ్ (1776-1839) కత్తిసాము గురువు. వ్యాధిపీడితమైన తన చేయి కత్తిసాము సాధనతో మెరుగుపడుట గమనించి, కదలికను మందుగా వాడవచ్చునని తలచినాడు. 1813లో స్టాక్‌హోంలో ఆయన స్థాపించిన వ్యాయామ సంస్థలో వైద్య వ్యాయామం ఒక ప్రత్యేక శాఖ. నేటి ఫిజియోథెరపీ వంశవృక్షంలో ఈ కత్తివీరుడొక పెద్ద కొమ్మ అన్నమాట! లింగ్ చెప్పిన శరీరశాస్త్ర కారణాలు కొన్ని తరువాత నిలువలేదు. ఆచరణ మాత్రం నిలిచినది.

మన కోడి రామమూర్తి నాయుడు గారు (మరణం 1942) విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేసి, తరువాత సర్కసు పెట్టి దేశమంతా తిరిగినారు. ఛాతీకి ఇనుప గొలుసు బిగించుకొని, ఊపిరి పూరించి తెంచేవారు. జనం గొలుసును చూసినారు గాని, చూడవలసినది ఊపిరినే.

దానిని రోగపీడిత బాలల వద్దకు చేర్చినవాడు అమెరికాలోని యూదు మతాచార్యుడు ఎలిమెలెక్ గోల్డ్‌బర్గ్. ఆయన రెండేండ్ల కుమార్తె 1981లో ల్యుకీమియాతో మరణించినది. తరువాత క్యాన్సరు బాలల వేసవి శిబిరాన్ని నడిపేటప్పుడు, మందు ఎక్కించుటకై ఐదేండ్ల బాలుని దాదులు అదిమి పట్టుకోగా వాడు కేకలు పెట్టుట చూచినాడు. తాను యుద్ధవిద్యలో నల్లపట్టీ పొందినవాడు గనుక, ఊపిరితో నొప్పిని ఎదుర్కొనే పద్ధతిని అక్కడికక్కడే నేర్పినాడు. 1999లో మిచిగన్‌లో ఆయన స్థాపించిన ‘కిడ్స్ కికింగ్ క్యాన్సర్’ సంస్థలో యుద్ధవిద్యా గురువులే ఆసుపత్రులకు వెళ్లి నేర్పుతారు. కుస్తీలు, దెబ్బలు లేవు. నిలుకడ, నెమ్మదిగా ఊపిరి తీసి విడుచుట, మనసును ఒకచోట నిలుపుట, అంతే. నేర్చిన పిల్లలు పెద్దలకు ఆ విద్య నేర్పుతారు కూడ. సూదులకు లోబడి ఉండే పసివానికి ఒక్కసారి గురుపీఠం దక్కుట చిన్న విషయం కాదు.

ఇందులో శాస్త్రమెంత? నొప్పి గాయం నుండి మెదడుకు నేరుగా పోయే తంతివార్త కాదు. వెన్నుపాములో ఒక ద్వారం వంటిది ఉన్నదని, మెదడు దానిని కొంత మూయగలదని మెల్జాక్, వాల్ అనేవారు 1965లో ప్రతిపాదించినారు. వివరాలు మారినా, భయం నొప్పిని పెంచుననుట, మనసు మరలిన నొప్పి తగ్గుననుట నిలిచినవి. 2016లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, ఈ శిక్షణకు ముందు, తరువాత బాలలు చెప్పిన నొప్పి అంకెలను పోల్చగా తగ్గుదల కనిపించినది. అయితే దాని రచయితలలో గోల్డ్‌బర్గ్ ఒకరు. కనుక తూచి చూడవలసిన సాక్ష్యమే. తగ్గినది నొప్పి, క్యాన్సరు కాదు. సాము మందుకు తోడే గాని బదులు కాదు. వైద్యుని అనుమతి లేక మొదలుపెట్టరాదు.

ఊపిరి ప్రభావాన్ని తరగతిలోనే చూడవచ్చును. విద్యార్థి మణికట్టుపై వ్రేళ్లుంచి నాడిని పట్టుకొని, నెమ్మదిగా గాలి పీల్చి, అంతకంటె నెమ్మదిగా విడువవలెను. పీల్చునప్పుడు నాడి కొంచెం వడిగా, విడుచునప్పుడు నిదానంగా కొట్టుకొంటుంది. వేగస్ అనే నాడీతంతువు గుండెను పట్టి ఆపుతూ, వదులుతూ ఉండుటయే దీనికి ముఖ్య కారణం. ఈ తేడా పెద్దలలోకంటె పిల్లలలోనే స్పష్టంగా తెలుస్తుంది.