కార్పొరేషన్ కట్టిన ఊరు: బూన్ లే స్థానిక పాలన కథ

సింగపూర్‌లో జిల్లా పరిషత్తులు లేవు, మండలాలు లేవు, మునిసిపాలిటీలూ లేవు. ద్వీపానికి పడమటి వైపు జురోంగ్ ప్రాంతంలో ఉన్న బూన్ లేలో మాత్రం రోడ్లు, కాలువలు, మార్కెట్టు, వేల ఇళ్లు, వాటికి లిఫ్టులు అన్నీ ఉన్నాయి. వీటిని కట్టించే, కాంట్రాక్టులిచ్చే, బాగోగులు చూసే అధికారం గత నూరేళ్లకు పైగా ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మారుతూ వచ్చింది. స్థానిక పాలన ఎవరి చేతిలో ఉంటే ఊరు ఎలా పెరుగుతుందో తెలుసుకోవడానికి ఇంత చిన్న చోట ఇంత వైవిధ్యం దొరకడం అరుదు.

ఊరి పేరు చ్యూ బూన్ లే అనే చైనీయ వర్తకుడిది. 1852లో పుట్టి 1933లో కన్నుమూసిన ఈయనకు హో హో బిస్కెట్ల వ్యాపారం ఉండేది, జురోంగ్‌లో విశాలమైన రబ్బరు తోటలుండేవి. అంతకు ముందు ఈ నేల మిరియాలు, గాంబియర్ తోటలది. అప్పటి సింగపూర్ పాలన రెండు ముక్కలుగా ఉండేది. పట్నానికి మునిసిపల్ కమిషనర్లు, పట్నం పొలిమేర దాటితే 1908లో ఏర్పడిన రూరల్ బోర్డు. బూన్ లే రూరల్ బోర్డు కిందకు వచ్చేది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884, 1920 చట్టాల కింద నడిచిన తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు తెలుగు పల్లెల్లో రోడ్లు, ఆస్పత్రులు, బడులు చూసేవి. రూరల్ బోర్డు వాటికి దూరపు చుట్టం అనుకోవచ్చు. పట్నానికి దక్కిన కొళాయి నీళ్లు, మురుగు కాలువలు తోటల మధ్య కంపోంగ్‌లలో, అంటే పల్లెల్లో, బతికేవారికి చాలాకాలం అందలేదు.

1951లో సింగపూర్‌కు నగర హోదా వచ్చింది. 1957 డిసెంబరులో సిటీ కౌన్సిల్‌లోని మొత్తం 32 స్థానాలకూ ఎన్నికలు జరిగాయి. పీపుల్స్ యాక్షన్ పార్టీకి చెందిన ఓంగ్ ఎంగ్ గువాన్ మేయరయ్యారు. ఆయన పాలన మొదటి రోజు నుంచీ వివాదాల్లో నడిచింది. 1959 ఏప్రిల్‌లో కౌన్సిల్ అధికారాలను ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. ఆ ఏడాది జూన్‌లో స్వపరిపాలన మొదలయ్యాక అధికారానికొచ్చిన అదే పార్టీ కౌన్సిల్‌ను తిరిగి నిలబెట్టలేదు. 1963లో ప్రత్యేక చట్టం తెచ్చి స్థానిక సంస్థల పనులన్నిటినీ కేంద్ర ప్రభుత్వంలో కలిపేసింది. ఇంత చిన్న దేశానికి రెండంచెల పాలన దండగన్నది పాలకుల వాదన.

అదే 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ చేతుల మీదుగా ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ మొదలైంది. పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడి ఊరి పని ఊరివాళ్ల చేతికి వచ్చే దారి పడింది. ఒకే ఏడాది రెండు సమాజాలు రెండు వ్యతిరేక దిక్కుల్లో అడుగు వేశాయి. సింగపూర్ తీసుకున్న నిర్ణయంలో పోగొట్టుకున్నది చిన్నదేమీ కాదు. వీధి బాగోగులు చూసే ఎన్నికైన వారి సంస్థ ఆ దేశ పౌరులకు దాదాపు మూడు దశాబ్దాల పాటు లేకుండా పోయింది.

ఆ ఖాళీని చట్టబద్ధ బోర్డులు నింపాయి. 1960 ఫిబ్రవరిలో ఇళ్లు కట్టే హెచ్‌డీబీ, 1961లో పరిశ్రమలు తెచ్చే ఆర్థికాభివృద్ధి బోర్డు, 1963 మేలో నీళ్లు, కరెంటు, గ్యాస్ చూసే పీయూబీ పుట్టాయి. ఐక్యరాజ్యసమితి పంపిన డచ్ ఆర్థికవేత్త ఆల్బర్ట్ విన్సెమియస్ సలహాతో, ఆర్థికమంత్రి గో కెంగ్ స్వీ పట్టుదలతో జురోంగ్‌లో గుట్టలు తవ్వి ఆ మట్టితో చిత్తడి నేలలు పూడ్చే పని మొదలైంది. 1962లో జాతీయ ఇనుము ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. చాలా రోజులు ప్లాట్లు ఖాళీగా పడి ఉండడంతో జనం దాన్ని ‘గో గారి పిచ్చిపని’ అన్నారు. కట్టిన ఇళ్లూ మొదట్లో ఖాళీగానే ఉండిపోయాయి. బడి, బజారు, సినిమా, బస్సు లేని చోట కాపురం పెట్టడానికి కార్మికులు ఇష్టపడలేదు. పొద్దున లారీల్లో వచ్చి సాయంత్రం పట్నానికి వెళ్లిపోయేవారు.

ఈ అనుభవమే 1968 జూన్ 1న జురోంగ్ టౌన్ కార్పొరేషన్ పుట్టడానికి ఒక కారణం. ఆ తర్వాత పద్నాలుగేళ్లు బూన్ లేకు అసలైన స్థానిక ప్రభుత్వం ఇదే. నేల యజమాని అదే, లేఅవుట్ గీసేది అదే, టెండరు పిలిచేది అదే, ఫ్యాక్టరీ షెడ్డు అద్దెకిచ్చేది అదే, కార్మికుడి ఇంటి అద్దె వసూలు చేసేదీ అదే. రేవు నడిపింది. 1971లో పక్షుల పార్కు తెరిచింది. ఆ తర్వాత జపాన్ తోట, చైనా తోట వేయించింది. మన దగ్గర పారిశ్రామికవాడను ఒక సంస్థ, పక్కనున్న కాలనీని మునిసిపాలిటీ, రోడ్డును ఆర్ అండ్ బీ చూస్తే, ఇక్కడ మూడూ ఒకే కార్యాలయంలో తేలిపోయేవి. ఆ కార్యాలయం గుట్ట మీద గడియారపు బురుజుతో నిలిచిన జురోంగ్ టౌన్ హాల్. పోటీ పెట్టి ఎంపిక చేసిన నమూనాతో ఆర్కిటెక్ట్స్ టీమ్ 3 సంస్థ రూపొందించగా 1974లో పూర్తయింది. 2015లో దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

1970లలో కార్పొరేషన్ కట్టించిన పేటల్లో బూన్ లే గార్డెన్స్ ఒకటి. ఖాళీ ఇళ్లు నేర్పిన పాఠంతో ఇక్కడ ఇళ్ల వరసలకు నడిచి వెళ్లేంత దూరంలోనే దుకాణాలు, మార్కెట్టు, తిండి అంగళ్లు పెట్టారు. బూన్ లే ప్లేస్‌లోని ఆ మార్కెట్టు, తిండి అంగళ్ల సముదాయం ఇప్పటికీ పేటకు గుండెకాయ. రాత్రి పొద్దుపోయాక కూడా అక్కడ నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం కోసం జనం వరస కడతారు.

ఈ వేగానికి ఒక మూల్యం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 1966 భూసేకరణ చట్టం ప్రజాప్రయోజనం పేరిట భూమి తీసుకోవడానికి ప్రభుత్వానికి విస్తృత అధికారమిచ్చింది. పరిహారాన్ని మార్కెట్ ధరకు బాగా దిగువన కట్టడి చేసింది. కంపోంగ్‌లు, కూరగాయల మళ్లు, పందుల దొడ్లు, రొయ్యల చెరువులు పోయాయి. అడ్డు చెప్పడానికి వారికి రూరల్ బోర్డు పాటి వేదిక కూడా మిగల్లేదు.

1982లో కార్పొరేషన్ తన ఇళ్లను హెచ్‌డీబీకి అప్పగించి పరిశ్రమల పనికి పరిమితమైంది. బూన్ లే వాసులకు యజమాని మారాడు. అయితే దేశంలో అత్యధికులు నివసించే ఇళ్ల కారిడార్లో దీపం ఆరినా హెచ్‌డీబీనే రావాలంటే సాగే పని కాదు. 1986లో ఆంగ్ మో కియోలో మూడు టౌన్ కౌన్సిళ్లను ప్రయోగంగా పెట్టారు. 1988లో టౌన్ కౌన్సిళ్ల చట్టం వచ్చింది. కౌన్సిల్‌ను నడిపేది ఆ నియోజకవర్గం ఎంపీలు. 1959లో పోయిన స్థానిక ఎన్నిక తిరిగి రాలేదు కానీ, పార్లమెంటుకు వేసే ఓటే మెట్ల శుభ్రత మీద తీర్పు కూడా అయింది. బూన్ లే ఏళ్ల తరబడి పలువురు ఎంపీలను ఒకే జట్టుగా ఎన్నుకునే వెస్ట్ కోస్ట్ ఉమ్మడి నియోజకవర్గంలో ఉండి, 2025 ఎన్నికల నాటికి వెస్ట్ కోస్ట్–జురోంగ్ వెస్ట్‌లోకి మారింది.

టౌన్ కౌన్సిల్ పని ఇంటి గడప బయట మొదలవుతుంది. కారిడార్లు, మెట్లు, లిఫ్టులు, నీళ్ల ట్యాంకులు, చెత్త గొట్టాలు, పిల్లల ఆటస్థలాలు, పెళ్లికీ చావుకీ ఒకేలా ఉపయోగపడే కింది అంతస్తు ఖాళీ జాగా దాని పరిధి. ఇందుకోసం ప్రతి ఇల్లూ ఇంటి సైజును బట్టి నెలనెలా రుసుం కడుతుంది. అందులో కనీసం 26 శాతం సింకింగ్ ఫండ్‌కు, అంటే ముందుముందు వచ్చే పెద్ద మరమ్మతుల నిధికి, 2017 నుంచి కనీసం 14 శాతం లిఫ్టుల మార్పిడి నిధికి పక్కన పెట్టాల్సిందే. ఈ రెండు అంకెలే మొత్తం వ్యవస్థకు ఆయువుపట్టు. లిఫ్టుకు దాదాపు పాతికేళ్ల ఆయుష్షు ఉంటుంది. దాన్ని మార్చే నాటికి డబ్బు పెట్టెలో ఉండాలంటే ఇవాళ్టి నివాసి ఇవాళే కట్టాలి. రంగులు వేయడం, పైకప్పులు బాగుచేయడం వంటి పనులకూ ఇదే సూత్రం. వైకుంఠపాళిలా ఐదేళ్లకోసారి మొదటి గడికి రాకుండా, ఎవరు గెలిచినా ఈ నిధి మాత్రం తాకట్టు పడకుండా చట్టం కాపలా కాస్తుంది. పాత భవనాల్లో లిఫ్టు కొన్ని అంతస్తుల్లోనే ఆగేది. ప్రతి అంతస్తులో ఆగేలా మార్చే పథకం 2001లో మొదలైంది. అది ఏ భవనంలో జరగాలన్నా అర్హులైన కుటుంబాల్లో 75 శాతం ఓటు వేసి ఒప్పుకోవాల్సి వచ్చేది, ఖర్చులో కొంత భరించాల్సి వచ్చేది.

కౌన్సిళ్లలో చాలావరకు రోజువారీ పనిని మేనేజింగ్ ఏజెంటుకు టెండరు ద్వారా అప్పగిస్తాయి. లెక్కలు ఏటా ఆడిట్ అయ్యాక పార్లమెంటు ముందుకు వెళ్తాయి. శుభ్రత, నిర్వహణ, లిఫ్టులు, రుసుం బకాయిలు, పాలన తీరు ఎలా ఉన్నాయో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో నివేదిక వెలువడుతుంది. కౌన్సిల్‌ను నడిపేదీ, దాన్ని తనిఖీ చేసే మంత్రిత్వ శాఖను నడిపేదీ ఒకే పార్టీ అయినప్పుడు ఈ రంగులను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న ప్రతిపక్షం వేస్తూనే ఉంది. వేయదగిన ప్రశ్నే.

పెద్ద నిర్మాణాల టెండర్లు మాత్రం బోర్డులవే. 2000లో మొదలైన జీబిజ్ అనే ఆన్‌లైన్ వేదిక మీద ప్రభుత్వ సంస్థలు టెండర్లు పిలుస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ 2003లో వచ్చింది. సింగపూర్‌లో గుత్తేదారు నిర్మాణ నియంత్రణ సంస్థ బీసీఏ దగ్గర నమోదై ఉండాలి. ఎంత పెద్ద పనికి పోటీ పడవచ్చో అతని గ్రేడు చెబుతుంది. మన గుత్తేదారులకు బాగా నచ్చేది 2004లో చేసిన చెల్లింపుల భద్రతా చట్టం. పని చేసి బిల్లు పెట్టాక డబ్బు రాకపోతే కోర్టు చుట్టూ ఏళ్లు తిరగక్కర్లేదు, నిర్ణేత వారాల్లో తేల్చేస్తాడు. సబ్ కాంట్రాక్టరుకూ ఇది వర్తిస్తుంది. బిల్లుల బకాయిలతో అప్పులపాలైన చిన్న కాంట్రాక్టర్లున్న తెలుగు రాష్ట్రాలు శ్రద్ధగా చదవాల్సిన చట్టమిది.

అవినీతి లేదనడం అబద్ధం. 1995లో పీయూబీ ఉన్నతాధికారి చోయ్ హోన్ టిమ్‌కు కాంట్రాక్టుల రహస్యాలు అమ్మిన కేసులో 14 ఏళ్ల శిక్ష పడింది. ఆ వ్యవహారంలో సీమెన్స్, మరుబేని సహా ఐదు అంతర్జాతీయ కంపెనీలను ఐదేళ్లు ప్రభుత్వ టెండర్ల నుంచి వెలివేశారు. దీర్ఘకాలం వెస్ట్ కోస్ట్ ఎంపీగా, రవాణా మంత్రిగా ఉన్న ఎస్. ఈశ్వరన్‌కు వ్యాపారవేత్తల నుంచి కానుకలు తీసుకున్న కేసులో 2024 అక్టోబరులో 12 నెలల జైలు పడింది. పెద్దవాళ్లు కూడా జైలుకు వెళ్తారన్న భయం అక్కడి టెండరు నిబంధనలకు బలం ఇస్తోంది.

బోర్డులు పెరిగిన కొద్దీ వాటి సరిహద్దులు కూడా సమస్య అయ్యాయి. 2014లో అప్పటి ప్రధాని లీ సియెన్ లూంగ్ జాతీయ ప్రసంగంలో ఒక చోటును వర్ణించారు. వాలు భూమి ఒక సంస్థది, మధ్యలో పార్కు బాట మరొకరిది, రోడ్డు పక్క కాలిబాట ఇంకొకరిది. అక్కడ పడిన చెత్త ఎవరు తీయాలో తేలలేదు. ఆ ఏడాదే మునిసిపల్ సర్వీసెస్ ఆఫీసు పెట్టి, మరుసటి ఏడాది వన్‌సర్వీస్ యాప్ తెచ్చారు. పౌరుడు ఫొటో తీసి పంపితే ఎవరి పనో ప్రభుత్వమే వెతుక్కుంటుంది.

బూన్ లేలో ఇప్పుడు సాగుతున్న పెద్ద పని జురోంగ్ రీజియన్ లైన్. 24 కిలోమీటర్లు, 24 స్టేషన్లు, అన్నీ నేలకు ఎత్తున. 2023లో పనులు మొదలయ్యాయి. 1990 నుంచి నడుస్తున్న బూన్ లే స్టేషన్ అందులో కూడలి అవుతుంది. కాంట్రాక్టులిచ్చేది భూరవాణా సంస్థ ఎల్‌టీఏ. ఇలాంటి పనుల్లో ఇనుము కట్టేవారిలో, కాంక్రీటు పోసేవారిలో విదేశీ కార్మికులే ఎక్కువ. తెలంగాణ, ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఏజెంటుకు డబ్బు కట్టి వచ్చి జురోంగ్, టువాస్ వైపు డార్మిటరీల్లో ఉండే తెలుగువారూ వారిలో ఉన్నారు. వారికి ఇక్కడ ఓటు లేదు, టౌన్ కౌన్సిల్ రుసుం లేదు. వారి గదుల ప్రమాణాలను చూసేది 2015 నాటి డార్మిటరీల చట్టం, దాన్ని అమలు చేసే మానవ వనరుల మంత్రిత్వ శాఖ.