కోరాపుట్, రాయగడ: నూరేళ్లలో మన ఇంటి మీదుగా నడిచిన సరిహద్దులు

ఈసారి కొంచెం పెద్ద వ్యాసం. తీరిక చూసుకుని చదవండి.

మన ఇళ్లలో పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "మనం ఒడిశాకి ఎప్పుడు వచ్చాం?" మనలో కొన్ని కుటుంబాలకు జవాబు తేలిక. తాతగారికి రైల్లో ఉద్యోగం, నాన్నగారికి పేపరు మిల్లులో ఉద్యోగం, ఫలానా సంవత్సరం దిగాం అని చెప్పేస్తారు. ఇంకొన్ని కుటుంబాలకు ఆ ప్రశ్నే సరిపోదు. వాళ్లు ఎక్కడికీ రాలేదు, ఒడిశాయే వాళ్ల గుమ్మంలోకి వచ్చింది. దానికి తేదీ కూడా ఉంది: 1936 ఏప్రిల్ 1. ఈ రెండు రకాల వాళ్లమూ ఒకే సంఘంలో ఉన్నాం కాబట్టి కథ మొదటినుంచీ వరసగా చెప్పుకుందాం.

ముందు మ్యాపు సంగతి. 1936కి ముందు కోరాపుట్, రాయగడ, గుణుపూర్, నవరంగపూర్, మల్కనగిరి అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కింద ఉండేవి. జమీందారు జయపురం మహారాజు. కొండ ప్రాంతానికి మామూలు చట్టాలు కుదరవని ఇంగ్లీషువాళ్లు 1839లోనే ప్రత్యేక చట్టం చేసి, కలెక్టరుకే ఏజెంటు అనే హోదా ఇచ్చారు. మన పెద్దలు ఇప్పటికీ "ఏజెన్సీ" అనడం అక్కడినుంచి వచ్చిందే. 1863లో జయపురంలో ఇంగ్లీషు అధికారిని పెట్టారు. 1870లో ఆ ఆఫీసు కోరాపుట్‌కి మారింది. కోరాపుట్ పట్నం కావడానికి ఆ ఆఫీసే కారణం.

ఆ రోజుల్లో కొండ మీద ఎప్పుడూ ఏదో ఒక పితూరీయే. 1879లో రంపలో రేగిన మంట మరుసటేడు మల్కనగిరి కోయల దాకా పాకింది. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు మన్యాన్ని కదిలించాడు. కారణాలు దాదాపు అవే: పోడు వద్దన్నారు, అడవిలోకి రావద్దన్నారు, కల్లు మీద పన్ను వేశారు, కూలి ఇవ్వకుండా రోడ్డు పని చేయించుకున్నారు.

ఇక్కడ మనకు ఇష్టం లేని మాట ఒకటి చెప్పుకోక తప్పదు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల చట్టం చేసింది. కొండవాళ్ల భూమి పైవాళ్ల చేతికి పోకుండా ఆపడానికి చేసిన చట్టం అది. ఆ "పైవాళ్లు" ఎవరు? మైదానం నుంచి ఎక్కిన షావుకార్లు, కంట్రాక్టర్లు. వాళ్లలో తెలుగువాళ్లు ఉన్నారు, ఒడియావాళ్లూ ఉన్నారు. అప్పు తీర్చలేని మనిషి షావుకారు ఇంట్లో ఏళ్ల తరబడి చాకిరీ చేసే గోతి పద్ధతి ఈ జిల్లాలో ఎంత లోతుగా ఉండేదంటే, దాన్ని రద్దు చేయడానికి స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ప్రత్యేక రెగ్యులేషన్ కావలసి వచ్చింది. 1956లో భూమి బదిలీ మీద ఒడిశా మళ్లీ రెగ్యులేషన్ చేసింది. అది ఈనాటికీ అమల్లో ఉంది. స్థలం కొనాలనుకునే మన సభ్యులు ముందుగా తెలుసుకోవలసింది దాని గురించే.

ఇక రాష్ట్రాల గొడవ. మధుసూదన్ దాస్ గారి ఉత్కళ సమ్మిళని 1903లో మొదలైంది. మొదటి ఆంధ్ర మహాసభ 1913లో బాపట్లలో జరిగింది. రెండు ఉద్యమాలదీ ఒకే న్యాయం: ఒక భాష వాళ్లంతా ఒక పాలన కింద ఉండాలి. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, రెండు భాషలూ కలిసి ఉన్న చోట గీత ఎక్కడ గీయాలి? జయపురం, పర్లాకిమిడి అలాంటి చోట్లే. 1931లో ఓడొనెల్ కమిటీ వేశారు. 1933లో ఇంగ్లీషు ప్రభుత్వం అచ్చువేసిన శ్వేతపత్రంలో జయపురం ఒడిశాలో లేదు. 1934లో పార్లమెంటు సంయుక్త కమిటీ దాన్ని ఒడిశాలో కలిపింది. ఏడాదిన్నర తేడాలో ఒక దేశమంత సంస్థానం అటు నుంచి ఇటు మారింది. పర్లాకిమిడినైతే రెండు ముక్కలు చేశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం, దానితోపాటు కోరాపుట్ జిల్లా పుట్టాయి. ఆఫీసు పని చేసినవాళ్లకు తెలుసు, ఏప్రిల్ ఒకటి అంటే కొత్త లెడ్జరు తెరిచే రోజు. మనుషుల్ని కూడా అలాగే పాత పుస్తకం నుంచి కొత్త పుస్తకంలోకి ఎత్తి రాశారు.

అప్పటి మహారాజు విక్రమదేవ వర్మ గారు ఒడియా, తెలుగు, సంస్కృతం మూడింటిలోనూ పండితులు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా పెద్ద మొత్తం ఇచ్చారు. విశాఖలోని సైన్సు కాలేజీకి జయపురం విక్రమదేవ్ పేరు పెట్టారు. ఇటు జయపురంలో కాలేజీకీ ఆయన పేరే, ఇప్పుడది విశ్వవిద్యాలయం అయింది. రాజ్యం ఒక రాష్ట్రంలో, దానం రెండు రాష్ట్రాల్లో.

ఈ సరిహద్దు బాధ ఒక్క మనదే అనుకోవద్దు. మాది తిరుత్తణి వైపు. మేము పుట్టేనాటికి అది ఆంధ్ర. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మళ్లీ అదే ఏప్రిల్ ఒకటి! అందుకే ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాకు. పాఠాల్లో మ.పొ.సి. గారిని సరిహద్దు వీరుడని చదువుకున్నాం. మా ఇంట్లో పెద్దలు మాత్రం అదే సంగతిని ఇంకో రకంగా చెప్పుకునేవారు. ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి పర్లాకిమిడి కథ విన్నాక మాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. పేర్లు మారాయి, కథ అదే.

1942కి వద్దాం. ఆగస్టు 21న మత్తిలి పోలీసు స్టేషను ముందు జనం మీద కాల్పులు జరిగాయి. మూడు రోజులకే నవరంగపూర్ వైపు పాపడహండి దగ్గర మళ్లీ కాల్పులు. మత్తిలిలో జనాన్ని నడిపించినవాడు తెంతులిగుమ్మ గ్రామానికి చెందిన లక్ష్మణ్ నాయక్, భూమియా తెగ మనిషి. రామయ్య అనే ఫారెస్టు గార్డును చంపాడని అతని మీద నేరం మోపి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు. గాంధీ మార్గం పట్టినవాడు, సొంత ఊరివాళ్లు నమ్మి వెంట నడిచినవాడు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారిన ఆరేళ్లలో కొండ మీద మనిషికి మారింది ఏమిటంటే, ఉరి తీసిన జైలు ఏ రాష్ట్రంలో ఉందన్నది మాత్రమే.

ఆ తర్వాత మార్పులు గబగబా వచ్చాయి. 1951లో మహారాజు పోయారు. మరుసటేడు జమీందారీ పోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1955లో మాచ్‌ఖండ్ కరెంటు వచ్చింది, రెండు రాష్ట్రాలూ కలిసి కట్టుకున్న ప్రాజెక్టు అది. పోట్లాడుకునేవాళ్లు కూడా కరెంటు పంచుకోగలరని అది చూపించింది. 1958లో దండకారణ్య ప్రాజెక్టు మొదలై, తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు మల్కనగిరి, ఉమర్‌కోట్ వైపు భూములిచ్చారు. 1960ల్లో రాయగడ దగ్గర పేపరు మిల్లు, సునాబెడలో విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ, 1980ల్లో దామన్‌జోడిలో నాల్కో వచ్చాయి. మన సంఘంలో సగం ఇంటిపేర్లు ఈ మూడు గేట్ల నుంచి వచ్చినవే. ఆనకట్టల కింద, ఫ్యాక్టరీల కింద ఊళ్లు పోయినవాళ్ల పేర్లు మాత్రం మన చందా రిజిస్టరులో లేవు.

రైలు కథ చెప్పకుండా ఎలా ఉంటాం! విజయనగరం నుంచి రాయగడ మీదుగా రాయపూర్ లైను 1931లో పూర్తయింది. అంటే ఒడిశా రాష్ట్రం కంటే మన రైలే ముందు వచ్చింది. అప్పుడు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. 1944లో సర్కారు తీసుకుంది, 1952లో ఈస్టర్న్, 1955లో సౌత్ ఈస్టర్న్, 2003లో ఈస్ట్ కోస్ట్. పట్టాలు కదల్లేదు, కాగితం మీద పేరు మాత్రం మారుతూ వచ్చింది. కొత్తవలస-కిరండూల్ లైను బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి 1960ల్లో వేశారు. కోరాపుట్ నుంచి రాయగడకు రైల్లో రావాలంటే కొత్తవలసకు దిగి, విజయనగరం చుట్టి మళ్లీ ఎక్కి రావలసి వచ్చేది. ఒక ఒడిశా ఊరి నుంచి ఇంకో ఒడిశా ఊరికి ఆంధ్ర మీదుగా! 1998లో కోరాపుట్-రాయగడ లైను పూర్తయ్యాకే ఆ తిప్పట తప్పింది. 2025 జనవరి 6న రాయగడ డివిజనుకు శంకుస్థాపన జరిగింది. వాల్తేరు కింద పని చేసినవాళ్లకు ఇది కూడా ఒక చిన్న రాష్ట్ర విభజనే.

1992 అక్టోబరు 2న పాత కోరాపుట్ జిల్లా నాలుగు ముక్కలయింది. రాయగడ సొంత జిల్లా అయింది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. ఆ రోజు ఓటు వేసినవారిలో మన కోరాపుట్ ఎం.పి. గిరిధర్ గమాంగ్ గారూ ఉన్నారు. అప్పటికి ఆయన ఒడిశా ముఖ్యమంత్రి కూడా. ఢిల్లీ గద్దెను కదిపిన ఆ ఓట్ల లెక్కలో మన జిల్లా సవర బిడ్డ ఓటు ఉంది.

తర్వాత పదేళ్లు భయం కాలం. 2000 డిసెంబరులో కాశీపూర్ దగ్గర మైకంచ్‌లో బాక్సైటు గనులు వద్దన్న గిరిజనుల మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. 2004 ఫిబ్రవరి 6 రాత్రి మావోయిస్టులు కోరాపుట్ ఆయుధాగారం దోచుకున్నారు. 2013లో మాత్రం వేరే రకం తీర్పు వచ్చింది. నియమగిరిలో గని తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే చెప్పాలని సుప్రీంకోర్టు అంది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఈ నూరేళ్లలో కొండవాళ్లను పిలిచి "మీరేమంటారు?" అని ప్రభుత్వం అడగడం అంత గట్టిగా ఎప్పుడు జరిగింది? 1936లో ఎవరూ అడగలేదు.

కొటియా ఇప్పటికీ తెగలేదు. పొట్టంగి పక్కన ఉన్న ఆ ఊళ్ల కోసం ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో కేసు కొట్టేశారు, యథాస్థితి అలాగే ఉంది. 2021లో పంచాయతీ ఎన్నికల దగ్గర మళ్లీ గొడవ. అక్కడివాళ్లకు రెండు ప్రభుత్వాల రేషనూ అందుతోంది. ఎవరైనా దాన్ని తప్పనవచ్చు గానీ, రెండు వైపులా అడిగేవాళ్లుంటేనే పేదవాడి ఇంటికి రోడ్డు వస్తుందన్నది వాళ్ల అనుభవం.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, తెలుగు టీచర్ల కోసం మన సంఘం అర్జీ రాయబోతోంది. తెలుగు చెప్పే బడులు ఏటికేడు తగ్గిపోతున్నాయి. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయడం రాదు. అర్జీలో "ఇది ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, మాదే" అని రాయాలని కొందరి మాట. మనం అలా రాయకూడదు. ఒకప్పుడు ఎవరిది అన్న లెక్క మొదలుపెడితే సవరలు, కోందులు, పరజలు, గదబలు మనిద్దరికంటే ముందు వరసలో నిలబడతారు. ఆ లెక్కలో తెలుగువాళ్లూ గెలవరు, ఒడియావాళ్లూ గెలవరు.

మనకు అంతకంటే గట్టి ఆధారం ఉంది. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటుకు ప్రతి రాష్ట్రం ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. అది 1936లో ఇక్కడే ఉన్న కుటుంబానికీ, నిన్న బదిలీ మీద వచ్చిన కుటుంబానికీ ఒకటే. కువి మాట్లాడే కోందు పిల్లకూ, సవర పిల్లకూ అదే వర్తిస్తుంది. వాళ్ల మాట కూడా ఒక పేరాలో చేర్చి రాస్తే మన అర్జీకి బలం పెరుగుతుందే గానీ తగ్గదు.

చివరగా ఒక మనవి. మీ ఇళ్లలో మద్రాసు కాలం నాటి పట్టాలు, రసీదులు, బడి సర్టిఫికెట్లు, సంస్థానం కాగితాలు ఉంటే పారేయకండి. చెదలు పట్టకముందే ఫోటో తీయించి సంఘానికి ఒక కాపీ ఇవ్వండి. పాత గుణుపూర్, బిసమ్‌కటక్ కుటుంబాలవారు ముఖ్యంగా చూడండి. ఎవరిది ఎంత అని తేల్చుకోవడానికి కాదు. పిల్లలు అడిగినప్పుడు చూపించడానికి.