"నీ కార్డు తీసేసిండ్రు"

2014 ఆగస్టు 19, మంగళవారం. సమగ్ర కుటుంబ సర్వే కోసం తెలంగాణ అంతా ఇంటిపట్టునే ఉంది. బాన్సువాడలోనూ అంతే. బతుకుదెరువుకు ముంబయి, భివండి పోయినవాళ్లు కిక్కిరిసిన బస్సులు, రైళ్లు పట్టుకుని ముందే ఊళ్లకు చేరారు. ఇప్పుడు రాయించుకోకుంటే బియ్యం బంద్ అవుతుందన్న భయం వాళ్లది. బీడీల చాట పక్కకు జరిపి, ఆధార్, గ్యాస్ పుస్తకం, కరెంటు బిల్లు ముందేసుకుని ఆడవాళ్లు ఎదురుచూశారు. దుబాయ్‌లో ఉన్న పెనిమిటిని ఇంటి మనిషిగా రాయించాలా వద్దా అన్నది చాలా గడపల్లో తేలని ప్రశ్న.

2015 జనవరి నుంచి ఆహార భద్రత కార్డు మీద మనిషికి 6 కిలోల బియ్యం, కిలో రూపాయికి ఇచ్చారు. ఆ వెనకే రద్దులు మొదలయ్యాయి. బోగస్ కార్డులు లేవని ఎవరూ అనరు. ఉమ్మడి రాష్ట్రంలో కుటుంబాల కన్నా కార్డులే ఎక్కువన్నది అందరికీ తెలిసిందే. కానీ ఏరివేత జరిగిన తీరు ఘోరం. వాహనాలు, భూములు, పన్నుల రికార్డులను కలిపి చూసే సాఫ్ట్‌వేర్ ఎవరు అనర్హులో చెప్పింది. గడప తొక్కి చూసినవారు లేరు. నోటీసు లేదు. సంచి పట్టుకుని చౌకధరల దుకాణానికి పోయినప్పుడే సంగతి తెలిసేది.

"అక్కా, నీ కార్డు తీసేసిండ్రు."

"ఎందుకు తీసేసిండ్రు?"

డీలరు దగ్గర జవాబు ఉండేది కాదు. హైదరాబాద్‌లో ఓ రిక్షా కార్మికుడి కుటుంబానికి కారు ఉందని కంప్యూటర్ తేల్చింది. పేరులో సగం కలిసిన మరో మనిషి కారు అది!

సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ఈ రద్దులపై కోర్టుకెక్కారు. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. వచ్చిన దరఖాస్తులు 4.9 లక్షలు. వాటిలో 2,05,734 చూసేసరికే 15,471 కుటుంబాలు అర్హమైనవని తేలింది. అన్నేళ్లు ఆ ఇళ్లవాళ్లు కొనుక్కు తిన్న బియ్యానికి ఎవరు లెక్క చెబుతారు?

 

2025 జనవరి 21 నుంచి 24 వరకు తెలంగాణ ఊళ్లలో గ్రామసభలు పెట్టి కొత్త రేషన్ కార్డుల జాబితాలు చదివారు. పేరు రానివాళ్లు చాలాచోట్ల అధికారులను నిలదీశారు. అది గొడవని కొట్టిపారేయడం తప్పు. ఎవరి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో తెలిసిన ఊరు, లెక్కను తన కళ్లతో సరిచూసుకున్న సందర్భమది. నిజాంసాగర్ నీళ్లతో వరి పండించే బాన్సువాడ సీమలో కూలికి నాట్లేసే మనిషికి, తన పేరు ఎందుకు లేదని అడగడం హక్కు.

ప్రభుత్వాన్ని కోరేది ఒక్కటే. కార్డు తీసేయాలంటే ముందు కారణం రాసిన నోటీసు చేతికివ్వండి. ఇంటికొచ్చి చూడండి. ఆ పేరు గ్రామసభలో చదవండి. ఆ తర్వాతే కొట్టేయండి.