కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్

కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అనేది ఇంజను వేడి సోకని బయటి గాలిని సిలిండర్లకు చేర్చే గొట్టం, ఫిల్టరుల అమరిక. స్పోర్ట్స్ కార్లలో కంపెనీ ఇచ్చిన ఫిల్టరు పెట్టెకు బదులుగా దీన్ని బిగిస్తారు.

గాలి చల్లబడితే సాంద్రత పెరుగుతుంది. సముద్రమట్టం వద్ద ఘనపు మీటరు పొడి గాలి 60 డిగ్రీల సెల్సియస్‌లో సుమారు 1.06 కిలోలు, 40 డిగ్రీలలో 1.13 కిలోలు తూగుతుంది. ఆ మేరకు ఆక్సిజన్ పెరిగి ఎక్కువ ఇంధనం మండుతుంది.

బిగించేటప్పుడు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, పాత పెట్టె తీసి, గాలిని కొలిచే సెన్సరును కొత్త గొట్టానికి మార్చి, అతుకులను క్లిప్పులతో బిగిస్తారు. సెన్సరు దాటాక సందు ఉంటే లెక్కకు రాని గాలి చేరి ఇంధన మిశ్రమం పలచబడుతుంది.

వాడే ప్రాంతాన్ని బట్టి కూడా జాగ్రత్త అవసరం. ఉదాహరణకు, 40వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న నంద్యాల, ఆళ్లగడ్డలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. నల్లరేగడి దుమ్ముకు ఫిల్టరు త్వరగా పూడుకుపోతుంది. బాగా కింద అమర్చిన ఫిల్టరు వాననీటిలో మునిగితే సిలిండర్లలోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్లు వంగవచ్చు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను నియంత్రిస్తుంది. 2019 సవరణతో చేరిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చు.