ఆత్రేయపురం పేరు కాగితమెక్కిన కథ

బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు భగ్గుమంటుంది. పొయ్యి ముందు కూర్చున్న ఆమె పల్చటి గుడ్డను జారుగా రుబ్బిన బియ్యప్పిండిలో ముంచి, రెండు చేతులా పట్టుకుని కుండ వీపు మీద ఒక్క ఊపున లాగుతుంది. రెప్పపాటులో పిండి ఆరి పొరగా లేస్తుంది. మునివేళ్లతో దాన్ని ఒలిచి పక్కన పెట్టి, మళ్లీ గుడ్డ ముంచుతుంది. పిండి ఎంత పల్చగా ఉండాలో, మంట ఎప్పుడు ఎగదోయాలో ఆమె ఏ పుస్తకంలోనూ చదవలేదు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని చేత్తో నేర్చుకుంది.

కోనసీమలోని ఆత్రేయపురంలో పూతరేకు ఇలాగే పుడుతుంది. ఊరికి పనితనంలో ఏనాడూ లోటు లేదు. చిక్కంతా పేరుతోనే ఉండేది. ‘ఆత్రేయపురం పూతరేకులు’ అన్న బోర్డు రోడ్ల పక్కన, బస్టాండ్ల దగ్గర ఎవరైనా తగిలించుకునేవారు. వాళ్లు ఆ ఊరి పొలిమేర తొక్కి ఉండనక్కర్లేకపోయేది. ఈ పేరు మాదేనని ఆ కుండ ముందున్న మనిషి అంటే, రుజువేదని లోకం అడిగేది. ఆమె దగ్గర కుండ ఉండేది, గుడ్డ ఉండేది, కాగితం మాత్రం లేదు.

ఆ కాగితం ఇచ్చే చట్టమైతే ఉంది. 1999లో పార్లమెంటు చేసిన భౌగోళిక గుర్తింపుల (జీఐ) చట్టం 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ హక్కును ఏ ఒక్క వ్యాపారీ సొంతం చేసుకోలేడు. తయారీదారుల సంఘమో, వాళ్ల తరఫు సంస్థో అడగాలి. ఆత్రేయపురం వాళ్లు సంఘంగా నిలబడ్డారు. గోదావరికి ఆనకట్ట కట్టిన దొర పేరే తమ సంఘానికి పెట్టుకున్నారు: సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం. వాళ్లకు తోడుగా విశాఖ దగ్గరి సబ్బవరం నుంచి దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది. 2021 డిసెంబరు 13న దరఖాస్తు చెన్నైలోని జీఐ రిజిస్ట్రీకి చేరింది.

ఆ దరఖాస్తును నింపడం తేలిక కాదు. సరుకు లక్షణాలేమిటి? తయారయ్యే ప్రాంతం హద్దులు మ్యాపులో ఎక్కడెక్కడ? ఎన్నాళ్లుగా చేస్తున్నారు, ఆధారమేది? ఇంకెక్కడా రానిది ఇక్కడే ఎందుకొస్తోంది? నాణ్యతను తనిఖీ చేసేదెవరు? పొయ్యి దగ్గర ‘కాస్త జారుగా’ అంటే సరిపోతుంది, రిజిస్ట్రీలో సరిపోదు. కుండ ఆకారం, బియ్యం రకం, పిండి పాకం, సెగ, చేతి ఊపు అన్నీ ఎదుటివాడు ప్రశ్నించినా చెదరని మాటల్లోకి రావాలి.

న్యాయ విద్యార్థికి ఇంతకన్నా మంచి తరగతి గది లేదు. దస్తావేజులు రాయడాన్ని బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు తప్పనిసరి పాఠంగా పెట్టాయి. అయిదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలన్నాయి. కానీ కక్షిదారు చెప్పేది ఓపిగ్గా వినడం, ఆమె నోట రాని మాటను అడిగి రాబట్టడం, ఆమెకు తెలిసినదాన్ని చెడగొట్టకుండా చట్టం భాషలో పెట్టడం పరీక్ష హాల్లో అలవడేవి కావు. పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుంటేనే పట్టుబడతాయి.

పరిశీలనలన్నీ దాటుకుని 2023 ఫిబ్రవరి 13న రిజిస్ట్రీ ఈ దరఖాస్తును తన పత్రికలో ప్రచురించింది. ఇక అసలు ఉత్కంఠ మొదలైంది. ఎవరైనా అభ్యంతరం చెబితే వాదనలు మళ్లీ మొదటికొస్తాయి. మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది, మే ఎండలూ గడిచాయి. జూన్ 13తో గడువు తీరింది. ఒక్క అభ్యంతరమూ రాలేదు. మర్నాడు, జూన్ 14న, ఆత్రేయపురం పూతరేకు రిజిస్టరులోకెక్కింది.

దాంతో ఊరికి దక్కింది చిత్రమైన ఆస్తి. అమ్ముకోవడానికి లేదు, తాకట్టు పెట్టడానికి లేదు. పదేళ్లకోసారి పునరుద్ధరించుకుంటే తరతరాలకూ నిలుస్తుంది. ఆ పేరును దొంగిలించి సరుకు మీద వేసేవాడికి ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

ఆత్రేయపురం సంఘం పెట్టుకున్న కాటన్ పేరు బెజవాడకూ కొత్త కాదు. ఆయన ప్రణాళికతోనే 1855 నాటికి ఇక్కడ కృష్ణకూ ఆనకట్ట పడింది. ఈ సీమలో కొండపల్లి బొమ్మకు, మచిలీపట్నం కలంకారీకి, 2017లో బందరు లడ్డూకు ఇదే గుర్తింపు వచ్చింది. అయితే సంఘానికి సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన పని ముగియదు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను చెక్కే చేయి, పెడనలో కలంకారీ అచ్చులు వేసే చేయి ఒక్కొక్కటీ అధీకృత వినియోగదారుగా విడిగా పేరు నమోదు చేసుకోవాలి. ఆ దరఖాస్తు రుసుమును 2020లో 500 రూపాయల నుంచి 10కి తగ్గించారు. అడ్డం నిలిచేది డబ్బు కన్నా ఎక్కువగా ఫారమే.

విజయవాడ సిద్ధార్థ లా కాలేజీకి, నాగార్జున విశ్వవిద్యాలయ న్యాయ విభాగానికి ఈ పనివాళ్లంతా పొరుగువాళ్లే. లా కాలేజీల్లో న్యాయ సేవా కేంద్రాలను ప్రోత్సహించమని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతూనే ఉంది. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయ సహాయం ఇవ్వమనీ అదే చట్టం చెప్పింది. ఈ సెలవుల్లో ఇంటర్న్‌షిప్ కోసం పెద్ద పట్నాల ఆఫీసుల వైపు చూస్తున్న విద్యార్థులారా, ముందు కొండపల్లి బస్సెక్కండి, పెడన వెళ్లండి. పనివాళ్ల పక్కన కూర్చుని వాళ్ల ఫారం వాళ్లతో కలిసి నింపండి. మీరు చదివిన చట్టం అక్కడ ఒక ఇంటికి అన్నం పెడుతుంది.