నడిగడ్డ అంగన్‌వాడీ టీచరు

గద్వాల, గట్టు, అయిజ చుట్టుపక్కల విత్తనాల కోసం వేసే సీడ్ పత్తి పూతకొచ్చిందంటే ఊరి బడి పలచబడుతుంది. ఆ పంటలో ప్రతి పువ్వు మీదా మనిషి చెయ్యి పడాలి. సాయంత్రం మొగ్గ విప్పి లోపలి పుప్పొడి కాడలు గిల్లెయ్యాలి. మర్నాడు పొద్దున మగ చెట్టు పువ్వు తెంపుకొచ్చి ఆ మొగ్గకు రుద్దాలి. రైతులు దీన్ని క్రాసింగ్ అంటారు. మొదలుపెడితే వారాల తరబడి ఒక్కపూట కూడా ఆపడానికి వీల్లేని పని. మొక్క ఎత్తుకు చిన్న చేతులు సరిపోతాయి, కూలి తక్కువ, చెప్పినట్టు వింటారు. అందుకే ఆడపిల్లలను దించేవారు. విత్తన కంపెనీ మధ్యవర్తి అయిన ఆర్గనైజరుకు, ఆర్గనైజరు రైతుకు, రైతు కూలి ఇంటికి ముందుగానే అడ్వాన్సు ఇచ్చేవారు కాబట్టి ఆ పిల్ల సీజను మొదలు కాకముందే చేనుకు బాకీ పడేది. రెండువేల సంవత్సరానికి అటూ ఇటూ పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనాలతో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఈ చేలు దేశం దృష్టికి వచ్చాయి. పనిలో ఉన్న పిల్లల్లో ఎక్కువమంది ఆడపిల్లలేనని అవి లెక్క తేల్చాయి.

చేనుకు పోని పిల్ల మాత్రం బడికి వెళ్లిందా? ఇంట్లో చంటి తమ్ముడు ఉంటాడు. అమ్మ కలుపుకో, క్రాసింగుకో పోతుంది. తమ్ముణ్ణి మధ్యాహ్నం దాకా ఎవరో ఒకరు చూసుకుంటే తప్ప అక్క పలక పట్టలేదు. ఆ చూసుకునే మనిషి అంగన్‌వాడీ టీచరు. గద్వాల చుట్టూ ఉన్న ఈ నడిగడ్డలో ఆడపిల్లల చదువు గురించి రాసేవాళ్లు హైస్కూలు నుంచో, హాస్టలు నుంచో కథ మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది తమ్ముణ్ణి దించి వచ్చిన ఆ చిన్న గది నుంచి.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేలకు చదువు కొత్తది కాదు. సంస్థానం రోజుల్లో దీనికి విద్వద్గద్వాల అనే పేరే ఉండేది. దూరదూరాల నుంచి పండితులు, కవులు వచ్చి రాజుల చేత సన్మానాలు అందుకుని వెళ్లేవారు. చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట డిగ్రీ కళాశాల కోట ఆవరణలోనే వెలిసింది. గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డిది కూడా ఈ సీమే. అయితే పండితుడికి శాలువా కప్పిన రోజుల్లో ఓనమాలు దిద్దించే అయ్యవారికి గింజలే జీతం. పంట ఇంటికొస్తే ఇంత కొలిచి పోసేవారు. దసరాకు పిల్లలు విల్లంబులు పట్టుకుని అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడితే నాలుగు డబ్బులు రాలేవి. ఆ బడిలో కూర్చున్నవాళ్లు కూడా ఊళ్లో కొన్ని ఇళ్ల మగపిల్లలే. కూలి ఇంటి మూడేళ్ల పిల్లకు బడి ఉండాలన్న ఆలోచన అప్పటికి పుట్టలేదు.

ఆ ఆలోచనను దేశమంతటికీ అందించినవాళ్లలో ఒక తెలుగు మహిళ ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చిన్ననాడే తోటి ఆడపిల్లలకు హిందీ బడి నడిపింది. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల ప్రదర్శనలో వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని నెహ్రూను గుమ్మంలోనే ఆపింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు ఆమే మొదటి అధ్యక్షురాలు. మరుసటి ఏటి నుంచి ఆ బోర్డు పల్లెల్లో నడిపిన విస్తరణ కార్యక్రమాల్లో బాల్వాడీ ఒక ముఖ్యభాగం. ఊరి ఆడమనిషే ఊరి పిల్లలను కూర్చోబెట్టి పాటలు నేర్పి, కడుపుకింత పెట్టి పంపాలి. అంగన్‌వాడీకి మూలరూపం అదే. టీచరు సేవకురాలు, వాలంటీరు అన్న భావన కూడా అక్కడి నుంచే వచ్చింది. స్వాతంత్ర్యోద్యమం నాటి వాలంటీరుకు ఆ మాట గౌరవం. యాభై ఏళ్ల తర్వాత అంగన్‌వాడీ టీచరుకు అదే సంకెల అయింది.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. దాని నిబంధనల్లో అంగన్‌వాడీ నడిపే మనిషిని గౌరవ కార్యకర్త అన్నారు. మెట్రిక్ పాసైతే నెలకు 150 రూపాయలు, కాకపోతే 100. దాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. ఆమె ఆ ఊళ్లోనే ఉండే మనిషై ఉండాలి. గద్వాల సీమలో ఈ షరతే పెద్ద చిక్కు. 2011 జనాభా లెక్కల్లో సైతం ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాల్లో ఇదే అడుగున ఉంది. అందులోనూ ఆడవాళ్ల లెక్క ఇంకా కింద. అలాంటి చోట తండాలోనో, చిన్న పల్లెలోనో పదో తరగతి చదివిన కోడలు దొరికిందంటే ఊరికి అదృష్టమే.

కర్ణాటక సరిహద్దు ఊళ్లలో ఆమెకు ఇంకో పని అదనం. గద్వాల, అలంపూర్ తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండేవి. గట్టు వైపు ఇళ్లల్లో ఇప్పటికీ తెలుగులో కన్నడం కలిసే నడుస్తుంది. పుస్తకంలోని తెలుగు ఆ పిల్లవాడి చెవికి కొత్త. ఊరి మనిషి కాబట్టి టీచరు ముందు వాడి మాటలోనే పలకరించి, తర్వాత బడి మాటకు తీసుకొస్తుంది. పైనుంచి వచ్చిన ఏ శిక్షణా ఆమెకు ఇది నేర్పలేదు.

సెంటర్లో ఒక పూట కూర్చుంటే ఆ ఉద్యోగం ఏమిటో తెలుస్తుంది. పొద్దున సహాయకురాలైన ఆయా ఇళ్ల చుట్టూ తిరిగి పిల్లలను పట్టుకొస్తుంది. టీచరు ఆటపాట మొదలుపెట్టేలోపే ఒక బాలింత గుమ్మంలో నిలబడుతుంది. నెలకోసారి తూకం. ఊగే కాటాకు ఉయ్యాల సంచి తగిలించి, అందులో పిల్లను కూర్చోబెట్టి, ముల్లు నిలిచేదాకా కాళ్లు ఆడించకుండా పట్టుకోవాలి. ఆ అంకెను గ్రోత్ చార్టులో చుక్కగా పెట్టాలి. చుక్క ఆకుపచ్చలో ఉంటే సరే, పసుపులోకి జారితే తల్లితో మాట్లాడాలి, నారింజలో పడితే ఆసుపత్రికి పంపాలి. ఏడు నెలలు నిండిన పిల్లలకు బాలామృతం అనే పోషకాహార పొడి ప్యాకెట్టు ఇవ్వాలి. 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి పథకం వచ్చాక గర్భిణులకు, బాలింతలకు అక్కడే ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఇవి కాక పల్స్ పోలియో ఆదివారాలు, ఓటర్ల జాబితాలు, కరోనా నాటి ఇంటింటి సర్వే. ఇన్నింటి మధ్య అక్షరం ముక్క చెప్పేది ఎప్పుడు? పిల్లలకు కథ చెప్పాల్సిన గంటను రిజిస్టర్లు తినేస్తున్నాయి. ఈ పథకానికి జరిగిన అతి పెద్ద నష్టం ఇదే.

వలస ఇంకో దెబ్బ. పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీలు గుంపు మేస్త్రీ వెంట ముంబైకో, పుణెకో బయల్దేరితే చంటిపిల్లలూ వెంటే పోతారు. పోయిన నెల దాకా బరువు పెరుగుతూ వచ్చిన పిల్ల చుక్క చార్టులో అక్కడే ఆగిపోతుంది. తిరిగొచ్చాక టీచరు మళ్లీ మొదటి నుంచి తూచాలి.

2001 నవంబరు 28న ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు ప్రతి ఆవాసానికీ అంగన్‌వాడీ ఉండాలని ఆదేశించింది. సెంటర్లు పెరిగాయి. వాటిని నడిపే మనిషి హోదా మాత్రం కదల్లేదు. 2006లో కర్ణాటకకు చెందిన అమీర్‌బీ కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వోద్యోగులు కారని అదే కోర్టు తేల్చింది. తెలంగాణలో 2015లో 4,200 నుంచి 7,000కు, 2017లో 10,500కు, 2021లో 13,650కి గౌరవ వేతనం పెరిగింది. 2017లోనే వర్కర్ అన్న పిలుపు పోయి టీచర్ అన్న పిలుపు వచ్చింది. 2022 ఏప్రిల్ 25న గుజరాత్‌కు చెందిన మణిబెన్ కేసులో సుప్రీంకోర్టు వీళ్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని చెప్పింది. వీళ్లు చేసేది పూర్తికాలపు పనేనని, గౌరవ వేతనం అని పేరు పెట్టినా అది చట్టం దృష్టిలో వేతనమేనని ధర్మాసనం అంది.

ఏడాదిన్నర తిరగకముందే, 2023 సెప్టెంబరు 11న, తెలంగాణ అంతటా టీచర్లు, ఆయాలు సెంటర్లకు తాళాలు వేసి సమ్మెకు దిగారు. నెలకు 26,000 కనీస వేతనం, ఉద్యోగులుగా గుర్తింపు, కోర్టు ఇమ్మన్న గ్రాట్యుటీ వాళ్లు అడిగినవాటిలో ముఖ్యమైనవి. సెప్టెంబరు అంటే నడిగడ్డ చేలల్లో క్రాసింగ్ సాగే కాలం. అక్కడ సెంటరుకు తాళం పడితే తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఆగిపోయేది మళ్లీ అక్కే.